ఇన్‌స్టాల్ మధ్యలోనే ఆపేస్తున్నారు, కారణం ఎలా తెలుసుకోవాలి?

రుషికొండ_కోడర్
చిన్న షాపుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. సెటప్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో చాలామంది ప్రోగ్రామ్ తెరిచేదాకా రావట్లేదు. క్యాన్సిల్ నొక్కగానే కారణం అడిగే పేజీ పెడదామా? సెటప్ ఫైల్ తయారీకి వాడేది ఇన్నో సెటప్ అనే టూల్.

గాజువాక_సపోర్ట్
మేం పెట్టాం. ఎక్కువమంది ఏమీ రాయరు. రాసినవాళ్లూ "తర్వాత చేస్తా" అంటారు. అడగాలనుకుంటే ఒక్క ప్రశ్న చాలు, అది కూడా దాటేసి వెళ్లిపోయేలా ఉండాలి. అంతకంటే ముందు ఎగ్జిట్ కోడ్ చూడండి, అంటే సెటప్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్. అసలు ఇన్‌స్టాల్ మొదలవకముందే క్యాన్సిల్ చేస్తే 2, మొదలయ్యాక ఆపితే 5. ఎంఎస్‌ఐ (విండోస్ సొంత ఇన్‌స్టాలర్ ఫైల్)లో అయితే 1602 అంటే యూజరే ఆపారు, 1603 అంటే ఇన్‌స్టాలే ఫెయిలైంది. ఈ రెంటినీ ఒకే లెక్కలో వేయకండి.

ఎంవీపీ_క్యూఏ
అన్నా, యూజర్ డబుల్ క్లిక్ చేసి నడిపితే ఆ కోడ్ మనదాకా రాదు కదా. ఇన్నో సెటప్‌లో క్యాన్సిల్ నొక్కగానే నడిచే 'క్యాన్సిల్ బటన్ క్లిక్' ఈవెంట్‌లో ఏ పేజీ దగ్గర ఆపారో రాసుకోవాలి. అది మన సర్వర్‌కు పంపుతున్నామని మొదటి పేజీలోనే చెప్పి, ఒప్పుకుంటేనే పంపండి. చెప్పకుండా తీసుకోవడం తప్పు.

డాబాగార్డెన్స్_సర్వీస్
మీ లాగ్ మొదలవకముందే పోయేవాళ్ల సంగతేంటండీ? షాపులకెళ్లి ఇన్‌స్టాల్ చేసేది నేనే, రోజూ చూస్తున్నా. నీలం రంగు స్మార్ట్‌స్క్రీన్, అదే విండోస్ హెచ్చరిక తెర, వస్తుంది. 'మోర్ ఇన్ఫో' నొక్కితే గానీ 'రన్ ఎనీవే' కనబడదు. వైరస్ అనుకుని మూసేస్తారు, వాళ్ల భయంలో తప్పేం లేదు. దాన్ని దాటితే అడ్మిన్ పాస్‌వర్డ్. పూర్ణా మార్కెట్‌లో ఓ షాపులో అది పెట్టిన కుర్రాడు పని మానేసి వెళ్లిపోయాడు, ఓనర్‌కు తెలీదు. ఆయన క్యాన్సిల్ నొక్కక ఏం చేస్తారు? దానికి 'ఇష్టం లేదు' అని మీరు పేరు పెడితే అన్యాయం.

ఎంవీపీ_క్యూఏ
నిజం. ఇన్నో సెటప్‌లో 'ప్రివిలెజెస్ రిక్వైర్డ్' అనే సెట్టింగ్‌ని 'లోయెస్ట్' అని పెడితే ఆ యూజర్ వరకు అడ్మిన్ లేకుండానే ఎక్కుతుంది. డ్రైవర్లు, సర్వీసులు ఉంటే మాత్రం కుదరదు. కోడ్ సైనింగ్ (ఫైల్ ఎవరిదో చూపే డిజిటల్ సంతకం) తీసుకోండి, కానీ నీలం తెర మర్నాడే పోదు. డౌన్‌లోడ్‌లు పెరిగి నమ్మకం కుదరాలి.

రుషికొండ_కోడర్
మాకు డ్రైవర్లు లేవు, లోయెస్ట్ పెట్టేస్తాం. సర్వీస్ అన్నా, ఈ వారం మీతో షాపులకు రావచ్చా? పక్కన కూర్చుని చూస్తా, మౌస్ ముట్టుకోను.

డాబాగార్డెన్స్_సర్వీస్
రండి. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక వెళ్దాం, పొద్దున్నే అయితే వాళ్లకు మాట్లాడే తీరికుండదు.