బోరు నీళ్లకి గీజర్ కాయిల్ పోతోంది – బిల్డింగు మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించినవాళ్లు ఉన్నారా? (విజయనగరం)

కంటోన్మెంటు_కొత్త
మాది కొత్త అపార్ట్‌మెంటు. వంటకి కొళాయి నీళ్లు వస్తాయి, మిగతా వాటన్నిటికీ బోరే. గీజర్ విప్పిన మెకానిక్ కాయిల్ బయటికి తీసి చూపించాడు, సున్నం పూత పూసినట్టుంది. సుత్తితో కొడితే పెచ్చులు రాలాయి. షవర్‌లో సగం బెజ్జాలు మూసుకుపోయి నీళ్లు పక్కగోడకి కొడుతున్నాయి. ల్యాబ్ రిపోర్టులో హార్డ్‌నెస్ (కాఠిన్యం) 540, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 910, రెండూ లీటరుకి మిల్లీగ్రాముల్లో. అందరికీ కలిపి ఒకే సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తగ్గించే మిషను) పెడదామని కొందరు, ఎవరి ఫ్లాటుకి వాళ్లే పెట్టుకోవాలని కొందరు. పెట్టించినవాళ్లు నెలవారీ ఖర్చు చెప్పగలరా?

పాతబస్టాండు_శ్రీకాకుళం
మీకు గీజరొక్కటే. మాకు పప్పే ఉడకదు. కుక్కర్ కూతలు పెట్టి పెట్టి అలసిపోతుంది గానీ కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పుచారు పెడితే కింద పప్పు, పైన నీళ్లు. చిటికెడు వంటసోడా వేస్తేనే దారికొస్తుంది.

బొబ్బిలి_అత్తమ్మ
పప్పు ఉడక్కపోతే నీళ్లనంటారేంటమ్మా? అది పాత పప్పు. కొట్లో ఎన్నాళ్లు మూలిగిందో ఏమో. కాసేపు నానబెట్టి వండు. సోడా వేసిన పప్పు జిగటగా, సబ్బు రుచితో ఉంటుంది, మా ఇంట్లో కుక్క కూడా ముట్టదు.

పాతబస్టాండు_శ్రీకాకుళం
నానబెట్టకుండా వండుతున్నానని ఎవరు చెప్పారండీ మీకు? అదే పప్పు మా పుట్టింట్లో, టెక్కలిలో, వెన్నలా ఉడుకుతుంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ
ఇద్దరూ ఆగండి. ఇంటర్ పిల్లలకి ఈ పాఠం చెప్పి చెప్పి రిటైరైనవాణ్ని. గింజలో కణాలని అతికించి ఉంచేది పెక్టిన్. నీళ్లలోని కాల్షియం దాన్ని బిగిస్తుంది, అందుకే పప్పు మెత్తబడదు. సోడా ఆ పట్టు వదిలిస్తుంది, కానీ బీ1 విటమిన్ దెబ్బతింటుంది. పాత పప్పు గట్టిపడుతుందన్నదీ నిజమే. ఇక కాయిల్ మీద పట్టేది కాల్షియం కార్బొనేట్. నీళ్లు వేడెక్కితే అందులోని బైకార్బొనేట్ విడిపోయి అది పేరుకుంటుంది. మరిగిస్తే పోయేది ఈ తాత్కాలిక కాఠిన్యమే, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది పోదు. హార్డ్‌నెస్ 200 దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది.

బొబ్బిలి_అత్తమ్మ
చూశారా, పాత పప్పు నిజమేనన్నారు మాస్టారు.

పాతబస్టాండు_శ్రీకాకుళం
ముందు నీళ్లనే అన్నారు. ఆ ముక్క చదవలేదా?

బాత్రూం_బాధితుడు
టైల్స్ మీద తెల్ల మరకలు ఎలా పోతాయో కాస్త చెప్పండి. యాసిడ్ పోస్తే టైల్ మెరుపే పోయింది.

గజపతినగరం_రాజు
టీడీఎస్ 910 అంటే ఆర్వోయే గతి. సాఫ్ట్‌నర్ దండగ, డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ప్లంబింగ్_పనులు
రాజు గారూ, తెలియకపోతే మాట్లాడకండి. టీడీఎస్ వేరు, హార్డ్‌నెస్ వేరు. సాఫ్ట్‌నర్‌లో రెజిన్ అనే సన్న పూసలు ఉంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతాయి. టీడీఎస్ మీటరు పెడితే అంకె ఇంచుమించు అలాగే ఉంటుంది, జనం మోసమని గొడవకొస్తారు. స్నానానికీ బట్టలకీ ఆర్వో పెడితే వదిలేసే నీళ్లకే మీ బోరు ఎండిపోతుంది.

గజపతినగరం_రాజు
అమ్మేవాళ్లు అలాగే చెబుతారు. మా ఇంటికొచ్చిన కుర్రాడు గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటిచ్చాడు. బోరు నీళ్లు తుప్పు రంగు తిరిగి మడ్డి తేలింది. ఆర్వో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. కళ్లతో చూశాను.

దాసన్నపేట
హహ్హ, ఇంకా ఆ గారడీ నడుస్తోందా! మా ఇంటికీ వచ్చారు. వాళ్ల ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ పెట్టమన్నాను. అదీ అదే రంగుకొచ్చింది. నీళ్లలో లవణం ఉంటే కరెంటు పారి కడ్డీ కరుగుతుంది, ఆ మడ్డి కడ్డీల ఇనుమండీ, నీళ్లలోది కాదు. కుర్రాడు సామాను సర్దుకుని, ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

గజపతినగరం_రాజు
మీరంతా సైంటిస్టులే. కిడ్నీలు పోయాక తెలుస్తుంది. ఉద్దానంలో జనం పోతున్నది ఈ నీళ్లవల్ల కాదా?

కవిటి_మనిషి
ఉద్దానం పేరు ఎత్తేముందు ఆలోచించండి. మా ఇంట్లోనే డయాలసిస్ మనిషి ఉన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో మాకిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభించారు, సంతోషం. కానీ గీజర్ గొడవలో మమ్మల్ని దిష్టిబొమ్మలా నిలబెట్టకండి.

గజపతినగరం_రాజు
బాధ పెట్టాలని అనలేదు బాబూ.

జుట్టు_రాలే_అమ్మాయి
హార్డ్ వాటర్‌కి జుట్టు రాలుతుందా లేదా? ఒక్కరైనా సూటిగా చెప్పండి. హాస్టల్లో షాంపూ నురగే రాదు, తల పీచులా అవుతోంది.

బొబ్బిలి_అత్తమ్మ
కుంకుడుకాయ కొట్టుకో తల్లీ. సబ్బు విరిగినట్టు ఆ రసం విరగదు. చివర్లో ఒక చెంబు మంచినీళ్లు పోసుకో.

ప్లంబింగ్_పనులు
మొదట అడిగినాయనకి: బిల్డింగుకి ఒక్కటి పెడితేనే మేలు. కాకపోతే రెజిన్‌ని ఉప్పునీళ్లతో కడగాలి, ఉప్పు ఎవరు పోస్తారో ముందే రాసుకోండి. నేను బిగించిన ఒకచోట వాచ్‌మన్ మారగానే ఉప్పు పొయ్యడం ఆగింది, మిషను ఉత్త డ్రమ్మై కూర్చుంది. ఆ కడిగిన నీళ్లు మొక్కలకి వదిలితే కొబ్బరిచెట్టైనా ఎండుతుంది. తాగడానికి కొళాయి నీళ్లే వాడండి, అందులోనూ బీపీ ఉన్నవాళ్లకి సోడియం మంచిది కాదు.

కంటోన్మెంటు_కొత్త
థాంక్సండీ. ఇదే కావాలి. అసలు టెన్షన్ ఉప్పు డబ్బుల దగ్గరే. గ్రౌండు ఫ్లోరాయన తనకి గీజరే లేదు, ఎందుకివ్వాలంటున్నాడు.

దాసన్నపేట
లిఫ్టు డబ్బులూ ఇవ్వనంటాడు చూడండి. మా దగ్గర అదే జరిగింది. మీటింగంటే చాలు, ఊరెళ్లాననేవాడు.

రిటైర్డ్_కెమిస్ట్రీ
మరకల ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గోరువెచ్చని నీళ్లలో కరిగించి గుడ్డ తడిపి అరగంట కప్పండి. షవర్ తలని అందులోనే నానబెట్టొచ్చు. పాలరాతి మీద మాత్రం వద్దు, తినేస్తుంది.

పాతబస్టాండు_శ్రీకాకుళం
అందరూ వినండి. ఒకే డబ్బాలో పప్పు, రెండు గిన్నెలు, ఒకే కుక్కరు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో టిన్ను నీళ్లు. టిన్ను నీళ్లది గరిటె పెట్టగానే మెదిగింది, బోరుది గింజ గింజగానే ఉంది. అత్తమ్మ గారూ, ఇప్పుడేమంటారు?

బొబ్బిలి_అత్తమ్మ
ఏ గిన్నె అడుగున పెట్టావో అది చెప్పు ముందు.