స్టెర్లింగ్ వెండి మట్టి నగ వంచితే విరుగుతోంది: లోపం కాల్పులోనా, పదార్థంలోనా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మాది తరతరాలుగా వెండి పని చేసే కుటుంబం. నాన్నగారు ఇప్పటికీ కుంపటి ముందు కూర్చుని మట్టెలు, కడియాలు చేస్తారు. నేను కొంతకాలంగా మెటల్ క్లే అనే వెండి మట్టితో (సన్నటి వెండి పొడిని జిగురు, నీటితో కలిపిన ముద్ద, కాలిస్తే జిగురు పోయి వెండి మిగులుతుంది) లాకెట్లు, దిద్దులు చేస్తున్నాను. 999 స్వచ్ఛత గల మేలిమి వెండి మట్టి వాడినన్నాళ్లూ కాల్పులో ఇబ్బంది రాలేదు గాని, ఆ వెండి మరీ మెత్తన కావడంతో దిద్దుల కాడలు వంగిపోతున్నాయని కొన్నవాళ్లు చెప్పారు. అందుకని వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది రాగి ఉండే స్టెర్లింగ్ మట్టికి మారాను.

పొట్లం మీద రాసిన పద్ధతినే పాటిస్తున్నాను. మొదట 538 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట సేపు గాలి తగిలేలా కాల్చి చల్లార్చి, తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలో యాక్టివేటెడ్ కార్బన్ మధ్య పూడ్చి 816 డిగ్రీల వద్ద మరో అరగంట ఉంచుతున్నాను. నాది చిన్న ఎలక్ట్రిక్ ఫర్నేసు. కార్బన్ చేపల తొట్లు అమ్మే దుకాణంలో దొరికే కొబ్బరి చిప్పల రకం. నగ బయటికి తెల్లగా, చక్కగా వస్తోంది. అయితే మూడు మిల్లీమీటర్ల మందమున్న పట్టీ ముక్కను పట్టకారుతో వంచితే పుటుక్కున విరిగిపోతోంది. విరిగిన చోట భూతద్దంతో చూస్తే అంచు వెంట సన్నగా వెండి మెరుపు, నడుమంతా ఉప్మా రవ్వలాంటి బూడిదరంగు పలుకులు కనిపిస్తున్నాయి.

గంజాం జిల్లా బెలగుంఠలో ఇత్తడితో చేసే కదిలే చేప మీకు తెలిసే ఉంటుంది. అలాంటి చేపను వెండిలో లాకెట్టుగా చేసిపెట్టమని బరంపురం నుంచి ఒకరు అడిగారు. ముక్కలకు ముక్కలు తగిలి కదిలే వస్తువు కనుక లోహం గట్టిగా లేకపోతే అది నిలవదు. పోత పోస్తే పోయేదానికి ఈ మట్టితో పనేమిటని నాన్నగారి అభ్యంతరం. ఇది కాల్పులో సరిదిద్దుకోగల లోపమేనా, లేక ఈ పదార్థానికి ఉన్న బలమే ఇంతా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి)

చెల్లెమ్మా, నువ్వు విరిగిన చోటును పరిశీలించి రాయడం వల్ల సగం పని సులువైంది. విరుగులో నడుమ నల్లగా ఉంటే జిగురు పూర్తిగా కాలలేదని, ఎర్రటి ఛాయ ఉంటే రాగికి గాలి సోకి ఆక్సైడుగా మిగిలిపోయిందని అనుకోవాలి. బూడిదరంగు పలుకులంటే లోపలి రేణువులు ఒకదానికొకటి అతుక్కునేంత వేడి గాని, సమయం గాని వాటికి అందలేదని అర్థం. పోతలో లాగా ఇక్కడ లోహం కరగదు. కరిగే స్థితికి చేరకుండానే రేణువుల అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోవాలి.

మేలిమి వెండి 961 డిగ్రీల దాకా కరగదు కనుక ఆ మట్టిని 900 వద్ద నిశ్చింతగా రెండు గంటలు ఉంచవచ్చు. స్టెర్లింగ్‌తో ఆ వెసులుబాటు లేదు. రాగి కలవడం వల్ల అది 800 దాటీ దాటగానే మెత్తబడటం మొదలుపెట్టి, 900 లోపే పూర్తిగా కరిగిపోతుంది. పైగా వేడి మీద ఉన్న రాగికి గాలి సోకితే రేణువుల మీద ఆక్సైడు పొర కట్టి అవి అతుక్కోవు. గాలి లేకపోతే జిగురు కాలదు, గాలి ఉంటే రాగి పాడవుతుంది. అందుకే ఈ మట్టికి రెండు దఫాల కాల్పు పెట్టారు. రెండో దఫాలో కార్బన్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడు, మొదటి దఫాలో ఏర్పడిన ఆక్సైడును మళ్లీ రాగిగా మారుస్తుంది. అది విషవాయువు. ఫర్నేసును కిటికీలు తెరిచి ఉన్న గదిలోనే పెట్టాలి, పిల్లలు పడుకునే గదికి దూరంగా ఉంచాలి.

ఇక నీ సమస్య. ఫర్నేసు మీటరు చూపే 816 డిగ్రీలు గోడ దగ్గరి సూదికి తగిలే వేడి మాత్రమే. కార్బన్ గుళికలు వేడిని తేలిగ్గా లోపలికి పోనివ్వవు. మీటరు 816 చూపిన క్షణం నుంచి అరగంట లెక్కపెడితే, డబ్బా నడుమ ఉన్న నగకు ఆ వేడి చివరి కొద్ది నిమిషాలే అందవచ్చు, అసలే అందకపోవచ్చు. ఒక కె టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ సూది) కొని, దాని సూదిని కార్బన్‌లో నగలు ఉండే ఎత్తుకు గుచ్చి, నగలు లేకుండా కార్బన్ డబ్బాను ఒకసారి కాల్చి చూడు. లోపలికీ బయటికీ ఎంత తేడా ఉందో, ఆ తేడా పూడటానికి ఎంతసేపు పడుతోందో రాసిపెట్టుకుంటే, నీ ఫర్నేసుకు ఎంత సమయం కలపాలో తెలుస్తుంది. లోపల 816 వచ్చాకే అరగంట లెక్క మొదలవ్వాలి.

మన ప్రాంతంలో మరో చిక్కుంది. సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండవలసినది 190కి దిగితే ఫర్నేసు తీగ ఇచ్చే వేడి ఆరో వంతు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక నిజానికి మూడో వంతు దాకా తగ్గుతుంది. వీలైతే తెల్లవారుజామున కాల్చు.

మూడు మిల్లీమీటర్ల మందానికి మొదటి దఫా సమయం కూడా పెంచాలి. దానికి ముందు నగ పూర్తిగా ఆరి ఉండాలి. వానాకాలంలో మన సముద్రపు గాలికి పైన పొడిగా కనిపించే ముక్క లోపల తడిగానే ఉంటుంది. గోరువెచ్చగా చేసిన ముక్కను అద్దం మీద పెట్టి, కాసేపాగి తీసి చూడు. అద్దం మీద ఆవిరి మరక పడితే ఇంకా ఆరబెట్టాలి. మొదటి కాల్పు అయిన నగ చాలా పెళుసుగా ఉంటుంది కనుక శ్రావణంతో పట్టకుండా పలుచని రేకు మీదికి జరిపి డబ్బాలోకి దించు.

నగల కంటే ముందు నమూనా పట్టీలు చెయ్యి. అయిదు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం చాలు. ఒక దఫాకు ఒక పట్టీ చొప్పున, లోపలి వేడిని కొద్దికొద్దిగా మారుస్తూ కాల్చి వంచి చూడు. బాగా కాలిన పట్టీ పగుళ్లు లేకుండా లంబకోణం దాకా వంగుతుంది. అలా వంగిన పట్టీ చేతికి వచ్చేదాకా కొనేవాళ్ల పని మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా.

జవాబు (రాయగడ నుంచి)

పై జవాబులోని కారణాలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే పరిష్కారం విషయంలో నా అభిప్రాయం వేరు. ఇంట్లో చిన్న ఫర్నేసు పెట్టుకుని, అప్పుడప్పుడు మాత్రమే పని చేసేవారికి కార్బన్ డబ్బా వ్యవహారం భారమే. స్టెర్లింగ్ మట్టినీ మేలిమి వెండి మట్టినీ సమానంగా తూచి, రంగు తేడా లేకుండా కలిసేదాకా పిసికితే వెయ్యికి 962 పాళ్ల వెండి ఉన్న మిశ్రమం వస్తుంది. రాగి పాలు సగానికి తగ్గడం వల్ల దీన్ని కార్బన్ అవసరం లేకుండా, 900 డిగ్రీల చుట్టూ ఒకే దఫాలో కాల్చవచ్చు. బయటికి తీసినప్పుడు నల్లగా ఉంటుంది. ఆ నలుపు పైపొర రాగి ఆక్సైడే కనుక చింతపండు పులుసులో మరిగించి, కుంకుడు నురుగుతో ఇత్తడి బ్రష్షు వేసి రుద్దితే పోతుంది. గట్టితనంలో స్టెర్లింగ్ కంటే కొంచెం తక్కువ, మేలిమి వెండి కంటే స్పష్టంగా ఎక్కువ.

దీనిలోనూ మీటరును గుడ్డిగా నమ్మరాదు. కార్బన్ అడ్డు లేదు కనుక ఫర్నేసులో వేడి ఎక్కువగా ఉండే మూల దగ్గర పెట్టిన నగ కరిగి బుడగలు లేచే ప్రమాదం ఉంటుంది. అరను నడుమకు జరిపి, తీగలకు దూరంగా పెట్టండి.

కొలతల గురించి ఒక మాట. స్టెర్లింగ్ మట్టి కాలాక సుమారు 15 నుంచి 20 శాతం కుంచించుకుపోతుంది. 15 శాతం తగ్గుతుందని తేలిన మట్టితో 55 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల ఉంగరం కావాలంటే, 55కు 15 శాతం కలిపి 63 అని లెక్క వేయకూడదు. 55ను 0.85తో భాగించాలి. దాదాపు 64.7 వస్తుంది. 63తో చేస్తే ఉంగరం 53.6కు దిగి వేలికి ఎక్కదు. నమూనా పట్టీని కాల్చేముందూ తర్వాతా కొలిస్తే మీ మట్టికి సరైన శాతం మీకే తెలుస్తుంది.

జవాబు (జయపురం నుంచి)

అమ్మా, నేను మీ నాన్నగారి తరహా పనివాణ్ణి, రేకు, తీగ, పోతలతోనే జీవితం గడిచింది. మా అబ్బాయి ఈ మట్టి పని చేస్తుంటే పక్కనుండి చూశాను కనుక రెండు వైపులా చెప్పగలను. మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. మట్టితో చేసిన లోహంలో ఎంత బాగా కాల్చినా కంటికి కనిపించని రంధ్రాలు కొన్ని మిగులుతాయి. సాగగొట్టిన రేకుకూ, కమ్మచ్చులోంచి లాగిన తీగకూ ఉండే దిట్టతనం దానికి రాదు. కటక్ తారకాసి పనిలో వెంట్రుకంత సన్నటి తీగను మెలి పెట్టి, అల్లి, అతుకుతారు. ఆ పని ఈ మట్టితో ఎన్నటికీ కాదు. మట్టెలకూ, రోజూ తెరిచి మూసే కాళ్ల పట్టీల కొక్కేలకూ కూడా దీన్ని వాడవద్దంటాను.

మరి దేనికి బాగుంటుందంటే, అచ్చుకు. ఆకు ఈనెలు, చేప పొలుసులు, చేనేత బట్ట నేత వంటివి పచ్చిమట్టి మీద వేలితో నొక్కితే చాలు, యథాతథంగా దిగుతాయి. అదే పని ఉలితో చేయాలంటే నాకు పూట పడుతుంది. కాబట్టి మీ చేపను రెండు విధాలుగా విడదీసి ఆలోచించండి. పొలుసులున్న బిళ్లలు, తల, తోక మట్టితో చేయండి. బిళ్లను బిళ్లకు తగిలించే కొంకులు, కడ్డీలు మాత్రం 925 తీగతో చేయండి. బెలగుంఠ చేపలో ఒరిపిడంతా ఆ తగులుల దగ్గరే ఉంటుంది, పొలుసు మీద ఉండదు. బిళ్లల చివర కంతలను కాల్చక ముందే, పచ్చిమట్టి ఆరాక చిన్న బొరిమతో చేసి, కంత చుట్టూ మందం ఎక్కువగా వదలండి. కుంచించుకుపోవడం వల్ల కంత కూడా చిన్నదవుతుంది కనుక తీగ కంటే వదులుగా తీయాలి.

టంకం వేయవలసి వస్తే జాగ్రత్త. రంధ్రాలున్న లోహం కరిగిన టంకాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అతుకు వేసే చోటును ముందుగా నున్నని మెరుగుకర్రతో గట్టిగా రుద్ది రంధ్రాలు మూసుకోనిచ్చి, ఆ తర్వాతే వెలిగారం పూయండి. టంకంలో వెండి పాలు తక్కువ కనుక అతుకులు ఎక్కువైతే మొత్తం నగ పాలు 925 కంటే కిందికి పోతుంది. హాల్‌మార్కు ముద్ర వేయించే ఉద్దేశం ఉంటే ఇది ముఖ్యం. వెండికి కూడా 2025 సెప్టెంబరు 1 నుంచి హెచ్‌యూఐడీ అనే, ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్కింగ్ స్వచ్ఛంద పద్ధతిలో మొదలైంది. ముద్ర కోసం బిఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ)లో నమోదైన నగల వ్యాపారి ద్వారా వెళ్లాలి.

ప్రశ్న వేసినవారి జవాబు (పర్లాకిమిడి నుంచి)

అన్నయ్యగారికీ, రాయగడ వారికీ, జయపురం పెద్దలకూ నా నమస్కారాలు. థర్మోకపుల్ తెప్పించి గుచ్చి చూశాను. మీటరు 816 చూపినప్పుడు డబ్బా నడుమ 760 మాత్రమే ఉంది. మూడింట రెండు వంతుల ఎత్తుకే కార్బన్ నింపి, లోపలి సూది 816 చూపాక అరగంట ఉంచిన పట్టీ నిన్న లంబకోణం దాకా వంగింది. వంపు వెలుపలి వైపు సన్నని గరుకు వచ్చింది గాని పగులు లేదు. దాన్ని తిరిగి తిన్నగా చేస్తే అప్పుడు విరిగింది, విరుగు నడుమ కూడా తెల్లగానే ఉంది. నాన్నగారు ఆ రెండు ముక్కలనూ చాలాసేపు చూసి, చేప కొంకులకు తీగ తాను లాగి ఇస్తానన్నారు. కంత ఎంత వదులు ఉండాలో కొలత చెబితే బిళ్లలు మొదలుపెడతాను.

జవాబు (జయపురం నుంచి)

తీగ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, కాలిన తర్వాత కంత ఒకటిన్నర ఉండేలా చూడండి. మీ పట్టీ కాలాక ఎంత వంతు మిగిలిందో (15 శాతం తగ్గితే 0.85) దానితో భాగించి పచ్చి కొలత తీసుకోండి. అన్నిటికంటే ముందు తోక దగ్గరి రెండు బిళ్లలు మాత్రమే కాల్చి, తీగ తగిలించి, అవి ఆనకుండా అటూ ఇటూ కదులుతున్నాయో లేదో చూశాకే మిగతావి చేయండి.