కోళ్ల ఎరువు తోలిన పొలాల కింద వాగు నీళ్లు పాడవుతున్నాయా?

మెట్టరైతు:
మాది చింతలపూడి వైపు. ఎగువన మొక్కజొన్న, ఆయిల్‌పామ్‌కు లారీల కొద్దీ కోళ్ల ఎరువు దించుతున్నారు. తొలకరి పడగానే తమ్మిలేరులో కలిసే మా వాగు కాఫీ రంగుకి తిరుగుతోంది. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, గేదెలు ఆ నీళ్లు ముట్టడం లేదు. మీ దగ్గరా ఇంతేనా?

పామ్‌తోట:
నేనూ వాడతాను, నేలకు మంచిదే. తోలే పద్ధతిలోనే ఉంది తేడా. వాగు గట్టున కుప్ప పోసి వదిలేస్తారు, వాన పడితే దాని అడుగు నుంచి నల్లటి రసం కారుతుంది. పైపైన చల్లి వదిలేసినా, మొదటి గట్టి వానకే సారం కొట్టుకుపోతుంది. నేను చల్లిన రోజే రోటవేటర్ వేయించి మట్టిలో కలిపేస్తాను. వాగు పక్కన కొంత మేర అసలు చల్లను, గడ్డి పెరగనిస్తాను.

మట్టిపరీక్ష:
నత్రజని లెక్క చూసి తోలితే భాస్వరం పంట అవసరానికి మించి పడుతుంది. అదే అసలు చిక్కు. ఏటా తోలితే నేలలో పేరుకుని, కోతకు గురైన మట్టితో కొంత, నీళ్లలో కరిగి కొంత వాగులో చేరుతుంది. నాచు పెరిగి, చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. వాన పడగానే చేపలు తేలుతున్నాయంటే మాత్రం పచ్చి ఎరువు, అందులోని అమ్మోనియా మీదే నా అనుమానం. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే ఆ పొలానికి కోళ్ల ఎరువు ఆపేయండి, నత్రజనికి యూరియా చాలు.

బెంటన్‌విల్_తెలుగు:
ఇక్కడ అమెరికాలో, ఆర్కాన్సాస్ రాష్ట్రంలోనూ ఇదే గొడవ. ఇల్లినాయ్ నది ఇక్కడ పుట్టి ఒక్లహోమాలోకి పోతుంది. కోళ్ల ఎరువు భాస్వరంతో నది పాడైందని ఆ రాష్ట్రం 2005లో కోళ్ల కంపెనీల మీద కేసు వేసింది. 2023 జనవరిలో కోర్టు కంపెనీలదే బాధ్యత అంది. అంటే తీర్పుకే దాదాపు 18 ఏళ్లు! షెడ్లలో లిట్టర్ (కోళ్ల కింద పరిచే పొట్టు, రెట్ట) మీద పటిక చల్లితే కరిగే భాస్వరం తగ్గుతుందని ఇక్కడి పరిశోధకులు తేల్చారు.

కొల్లేటిఒడ్డు:
తమ్మిలేరు, బుడమేరు ఏం తెచ్చినా చివరికి చేరేది మా కొల్లేటికే. 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా) వచ్చిన సరస్సు ఇది. తప్పంతా పొలాలదే అనను, ఇక్కడ చేపల చెరువుల్లోనూ కోళ్ల ఎరువు వేస్తారు. ఎవరి వాటా ఎంతో తేలాలంటే వానకు ముందూ తర్వాతా, పై నుంచి కింది దాకా నీళ్లు పరీక్ష చేయించాలి.

మెట్టరైతు:
అలాగేనండీ. కుప్పలు వాగుకి దూరంగా, టార్పాలిన్ కప్పి పెట్టమని ఎగువ రైతులను ముందు అడుగుతాను. నీళ్ల శాంపిల్ ఎలా పట్టాలో, ఎన్ని గంటల్లోగా ల్యాబ్‌కి ఇవ్వాలో ఎవరైనా చెప్పండి.