అప్‌డేట్: కుట్టు వెంబడి చిరిగిపోతున్న పేపర్ కొలాజ్ - పరిష్కారం దొరికింది

పాత పత్రికల ముక్కలు అతికించిన కొలాజ్‌పై చేతికుట్టు వేస్తుంటే, రంధ్రాల వరస పొడవునా కాగితం విడిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సమస్య తీరింది.

బాగా పనిచేసింది వెనక గుడ్డ అతికించమన్న సలహా. బెజవాడ వన్‌టౌన్‌లో కొన్న పల్చటి మల్ (నూలు) గుడ్డను ఉతికి, గంజి వదిలించి ఆరబెట్టాలి. ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి, పల్చగా పూసి కొలాజ్ వెనక అంటించాలి. పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. వానాకాలం బెజవాడ గాలికి ఇంకో పూట పడుతుంది, తొందరపడొద్దు. తడి ఉండగా కుడితే సూదికి జిగురు పట్టి, నానిన కాగితం దారంతో పాటే లేచి వస్తుంది.

రెండోది, రంధ్రాల ఎడం. 2 మి.మీ. దూరంలో గుచ్చితే కాగితం తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. 5 మి.మీ. ఉంచి, కింద మందపాటి అట్ట పెట్టి ముందే పొడుచుకోవాలి. ఆరు పోగుల దారంలో రెండే తీసుకోవాలి. దారాన్ని నిటారుగా పైకే లాగాలి. పక్కకు లాగితే రంధ్రం కోసుకుపోతుంది. గొలుసుకుట్టులో ఒకే రంధ్రంలో దారం రెండుసార్లు దూరుతుంది కాబట్టి న్యూస్‌ప్రింట్ (పత్రికల పల్చటి కాగితం) మీద వద్దు. పత్రిక బొమ్మలోని గొడుగు చుట్టూ నీలం దారంతో విడి కుట్లు వేసి వాన కురిపించాను, ఒక్క చోటా చిరగలేదు.

దారానికి మైనం రాయడం, సూది మార్చడం వల్ల తేడా ఏమీ రాలేదు. మామూలు 9వ నంబరు ఎంబ్రాయిడరీ సూది చాలు.