మొబైల్ సూట్ గండమ్ (1979): 43 ఎపిసోడ్లు చూడాలా, మూడు సినిమాలు చూడాలా?

కొయ్యగుర్రం:

మా మేనల్లుడికి ఈ ఏడాది పదిహేనేళ్లు నిండాయి. దసరా సెలవులకు మా ఇంటికి వస్తున్నాడు. వాడితో కలిసి జపాన్ రోబో యుద్ధ యానిమేషన్ సిరీస్ అయిన మొదటి గండమ్‌ను మొదటి నుంచి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. కథానాయకుడు అమురో వయసు కూడా పదిహేనే కనుక ఇంతకంటే తగిన సమయం మళ్లీ రాదు. ఏ రూపం చూపించాలన్నదే నా సందేహం. టీవీ సిరీస్ 43 ఎపిసోడ్లు కలిపితే దాదాపు పదిహేడు గంటలు అవుతుంది. 1981, 82 సంవత్సరాల్లో వచ్చిన మూడు సంకలన సినిమాలు (అదే కథను కుదించి కూర్చినవి) కలిపితే సుమారు ఏడు గంటలు. సెలవులు పది రోజులే ఉన్నాయి. నేను సినిమాలను రెండుసార్లు, టీవీ రూపాన్ని ఒక్కసారి చూశాను. సినిమాల్లో బొమ్మ బాగుంటుంది, కథ సూటిగా నడుస్తుంది. అయినా నా మనసులో నిలిచిన సన్నివేశాలు చాలావరకు టీవీ రూపంలోనివే. రెండూ చూసినవారు తమ అనుభవం చెప్పగలరా?

పాతరీలు:

నేను సినిమాల వైపే మాట్లాడతాను. ముందుగా, టీవీ సిరీస్ ఏ పరిస్థితుల్లో తయారైందో గుర్తుపెట్టుకోవాలి. 1979 ఏప్రిల్ 7న ప్రసారం మొదలైనప్పుడు 52 ఎపిసోడ్లు తీయాలన్నది ప్రణాళిక. చూసేవారి సంఖ్య తక్కువగా ఉండటం వల్ల 43తోనే, 1980 జనవరి 26న ముగించవలసి వచ్చింది. ప్రధాన ప్రాయోజకులు క్లోవర్ అనే బొమ్మల సంస్థ. గొలుసుకు కట్టిన ముళ్ల ఇనుపగుండును తిప్పుతూ అమురో నడిపే గండమ్ అనే భారీ రోబో పోరాడే దృశ్యాలు, గండమ్‌ను మధ్యలో ఇముడ్చుకుని ఎగిరే జీ-ఆర్మర్ అనే వాహనం, ఇవన్నీ బొమ్మల దుకాణం అవసరాలను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. దర్శకుడు యోషియుకి తొమినో యుద్ధాన్ని వాస్తవానికి దగ్గరగా చూపాలనుకున్నారు. ఆ చూపుకు ఇవి అడ్డం వచ్చాయి. సినిమాలు చేసే అవకాశం రాగానే ఇనుపగుండును తీసేశారు, జీ-ఆర్మర్ స్థానంలో కోర్ బూస్టర్ అనే మామూలు యుద్ధవిమానాన్ని పెట్టారు. దర్శకుడు తన పనిని తానే దిద్దుకుని ఇచ్చిన ప్రతి మన చేతిలో ఉండగా చిత్తుప్రతిని ముందు చదవడం ఎందుకన్నది నా అభిప్రాయం.

నీలిసిరా:

బొమ్మ గీసే పని నేర్చుకుంటున్నదానిగా పాతరీలు గారి మాటకు ఇంకొకటి జోడిస్తాను. పాత్రల రూపకల్పన చేసిన యోషికాజు యసుహికో టీవీ సిరీస్ నడుస్తుండగానే అనారోగ్యంతో ఆసుపత్రి పాలయ్యారు. చివరి మూడోవంతు ఎపిసోడ్లలో ముఖాలు ఒక్కో దృశ్యంలో ఒక్కోలా ఉండటానికి అదే ముఖ్య కారణం. 1982 మార్చి 13న విడుదలైన మూడో సినిమా కోసం ఆయన తిరిగి వచ్చి చాలా భాగం కొత్తగా గీయించారు, తానూ గీశారు. శత్రుపక్షంలోని లాలా అనే అమ్మాయికీ అమురోకూ మధ్య నడిచే ఘట్టాన్ని రెండు రూపాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. టీవీలో కళ్లు పెద్దవి చేసి భావం చెప్పారు, సినిమాలో మెడ వంపుతో, భుజం ఒరగడంతో చెప్పారు. నేను ఆ భాగాన్ని ఒక్కో ఫ్రేము ఆపి కాగితం మీద తిరగ గీసుకున్నాను. కేవలం చిత్రలేఖనం దృష్టితో చూస్తే మూడో సినిమాకు సాటి లేదు.

గోదారిగట్టు:

నాకు మాత్రం టీవీ రూపమే ప్రాణం. అది ఉప్పు విషయంలో అర్థమైంది.

పదహారో ఎపిసోడ్‌లో, అమురో వాళ్లుండే వైట్ బేస్ అనే యుద్ధనౌక వంటవాడు తమురా వచ్చి, ఉప్పు అయిపోయిందని చెబుతాడు. ఆ నౌకలో సైనికులే కాదు, యుద్ధంలో ఇల్లు పోయిన పసిపిల్లలూ ఉన్నారు. వారికి వండిపెట్టడానికి ఉప్పు లేకపోతే ఏం చేస్తారు? ఆ నౌక శత్రువుల మధ్య నుంచి లోప్ నోర్ సరస్సు వైపు ఉప్పు కోసం బయలుదేరుతుంది. రోబోల కథలో ఉప్పు కోసం దారి మళ్లిన నౌకను నేను అంతకుముందు చూడలేదు. ఇలాంటి సంగతులకు రెండు గంటల సినిమాలో చోటు దొరకడం కష్టం. కానీ అలాంటివి పోగయితేనే ఆ మనుషుల అలసట మనకు అర్థమవుతుంది. నౌక నాయకుడు బ్రైట్‌కు పందొమ్మిదేళ్లే. అతడు ఎందుకంత కఠినంగా మాట్లాడతాడో, అమురో ఎందుకు గండమ్‌తో సహా ఎడారిలోకి వెళ్లిపోతాడో సినిమా చెప్తే తెలుస్తుంది, టీవీలో అయితే వారాల తరబడి వాళ్లతో ఉండటం వల్ల మనకే తెలిసిపోతుంది. పదిహేడో ఎపిసోడ్‌లో నౌకను విడిచిన ఆ కుర్రవాడు ఎడారిలో ఒంటరిగా తిరిగి, ఒక పూటకూళ్లింట్లో శత్రుసేనాని రాంబా రాల్‌కూ అతడి సహచరి హమోన్‌కూ ఎదురుపడతాడు. శత్రువని తెలియని ఆ కుర్రవాడికి తాను తిండి పెట్టిస్తానంటుంది హమోన్. అంతకుముందు రెండు ఎపిసోడ్ల ఒంటరితనం ఉండబట్టే ఆ ఆదరణకు అంత బరువు వచ్చింది. సినిమాలో ఇదంతా త్వరగా గడిచిపోతుంది.

పాతరీలు గారు టీవీ రూపాన్ని చిత్తుప్రతి అన్నందుకు నాకు కొంచెం బాధ కలిగింది. లోపాలున్న మాట నిజమే, కానీ అది వారం వారం మనుషులతో కలిసి జీవించడానికి తీసినది.

పాతరీలు:

గోదారిగట్టు గారూ, ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఉప్పు ఎపిసోడ్‌ను నేను పూర్తిగా మరిచిపోయాను. నేను టీవీ సిరీస్‌ను సినిమాల తర్వాత, తెలిసిన కథే కదా అన్న తొందరలో చూశాను. క్రమం తారుమారు కావడమే నా అభిప్రాయానికి కారణమై ఉండవచ్చు.

నగోయావాసి:

నేను ఆరేళ్లుగా నగోయాలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ సిరీస్ ఈ ఊరి స్టేషన్ నగోయా టీవీ ద్వారానే మొదట ప్రసారమైంది. మా కార్యాలయంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. శనివారం సాయంత్రం ఐదున్నరకు చిన్నప్పుడు తమ్ముడితో కలిసి చూసేవాడినని, అప్పట్లో బడిలో దాని గురించి మాట్లాడేవారు చాలా తక్కువని ఆయన చెప్పారు. 1980 జూలైలో బందాయ్ సంస్థ 300 యెన్ల ప్లాస్టిక్ నమూనాలు తెచ్చాక, పునఃప్రసారాలు మొదలయ్యాక పరిస్థితి మారిపోయింది. మొదటి సినిమా విడుదలకు మూడు వారాల ముందు, 1981 ఫిబ్రవరి 22న, షింజుకు స్టేషన్ ముందు వేలాదిగా యువకులు చేరిన సభలో తొమినో మాట్లాడారు. యానిమేషన్‌కు కొత్త శకం వచ్చిందని ప్రకటించిన సభ అది.

ఆయనకు సినిమాల్లో నచ్చేది పాటలు. టీవీ ప్రారంభగీతానికి సాహిత్యం రిన్ ఇయోగి అనే కలం పేరుతో తొమినోయే రాశారు. అది పిల్లల రోబో కథలకు ఉండే హుషారైన పాట. రెండో, మూడో సినిమాలకు దైసుకె ఇనోఉఎ పాడిన పాటలు పెద్దవారి పాటలు. మూడో సినిమా పాట పేరుకు అనుకోకుండా కలుసుకోవడమని అర్థం. మా కార్యాలయం విందులో ఆయన అది పాడినప్పుడు ఆయన వయసువారంతా గొంతు కలిపారు. సినిమాలు చూసే వారికి నా సలహా ఒకటే. 2000 సంవత్సరంలో వచ్చిన ప్రత్యేక రూపాన్ని మొదట చూడవద్దు. అందులో మాటలను మళ్లీ రికార్డు చేశారు, శబ్దాలను మార్చారు. అదే నటులు చాలామంది తిరిగి వచ్చారు కానీ, ఇరవై ఏళ్లు గడిచిన గొంతులు పదిహేనేళ్ల కుర్రవాడి బెదురును మోయలేకపోయాయి. థియేటరు నాటి అసలు శబ్దం ఉన్న డిస్కును వెతికి చూడండి.

సాయంకాలంబండి:

డాలస్ నుంచి రాస్తున్నాను. నేను మొదట ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూశాను. 2001లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ ప్రసారం మొదలుపెట్టినా, ఆ సెప్టెంబరు 11 దాడుల తర్వాత అది మధ్యలోనే ఆగిపోయింది. ఇంగ్లీషు రూపంలో పదిహేనో ఎపిసోడ్ అసలు లేదు. తొమినో కోరిక మేరకే దాన్ని వదిలేశారు. చాలా ఏళ్ల తర్వాత జపనీస్ మాటలతో మళ్లీ చూసినప్పుడు ఒక్క పిలుపు దగ్గర ఆగిపోయాను. వైట్ బేస్‌లో ఉండే సేలా తన అన్న కాస్వాల్‌ను, అంటే ముసుగు వేసుకుని షార్ అన్న పేరుతో శత్రుసైన్యంలో తిరుగుతున్నవాడిని, జపనీస్‌లో 'నీ-సాన్' అని పిలుస్తుంది. సబ్‌టైటిల్స్‌లో పేరో, బ్రదర్ అన్న మాటో పడుతుంది. మన చెవికి అది నేరుగా 'అన్నయ్యా' అనే వినిపిస్తుంది. శత్రుపక్షాల్లో ఉండి ఎదురుపడినప్పుడు కూడా ఆ పిలుపు మారదు. మేనల్లుడికి ఏ రూపం చూపించినా జపనీస్ మాటలతోనే చూపించండి. ఇంగ్లీషు అక్షరాలు కింద పడుతున్నా ఆ వరస వాడికి తెలిసిపోతుంది.

నీలిసిరా:

పదిహేనో ఎపిసోడ్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అది కుకురుస్ దోన్ అనే పారిపోయిన సైనికుడి కథ. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను ఒక ద్వీపంలో పెంచుతుంటాడు. అందులో గీత చాలా బలహీనంగా ఉంటుంది. శత్రువుల రోబో అయిన జాకు యంత్రం ముక్కు సన్నగా పొడుగ్గా సాగి ఉంటుంది. సంకలన సినిమాల్లోనూ ఈ కథకు చోటు దక్కలేదు. అదే కథను యసుహికో 2022లో పూర్తి నిడివి సినిమాగా తీశారు. ఆ పొడుగు ముక్కును ఆయన దిద్ది మాయం చేయలేదు, దోన్ జాకుకు మాత్రమే ఉండే ప్రత్యేక రూపంగా నిలిపారు. అమురోకు గొంతు ఇచ్చింది మళ్లీ తోరు ఫురుయానే. ద్వీపంలో మేకను సాకడం, పొలం పని, పిల్లల తిండి వంటివాటికి ఆ సినిమా చాలా సమయం ఇస్తుంది. గోదారిగట్టు గారికి తప్పక నచ్చుతుంది.

యసుహికో 2001 నుంచి పదేళ్ల పాటు ఈ కథనంతా మళ్లీ చిత్రకథగా గీశారు. దాని ఆధారంగా 2015-18 మధ్య వచ్చిన ఆరు భాగాలు షార్, సేలాల బాల్యం నుంచి యుద్ధం మొదలయ్యే రోజుల వరకే, అంటే ఈ సిరీస్‌కు ముందు కథకే పరిమితం. అవి మొదట చూడదగినవి కావు, ఎందుకంటే ముసుగు వెనక ఎవరున్నారో ముందే చెప్పేస్తాయి.

గోదారిగట్టు:

దోన్ సినిమా ఉందని నాకు తెలియదు. ఈ వారమే చూస్తాను. కొయ్యగుర్రం గారికి ఒక మధ్యేమార్గం సూచిస్తున్నాను. నౌక మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లేవరకు, అంటే ముప్పయ్యో ఎపిసోడ్ వరకు టీవీ రూపం చూసి, ఆ తర్వాత మూడో సినిమా పెట్టండి.

పాతరీలు:

నేనూ ఒకప్పుడు ఇదే చేశాను. చిన్న చిక్కులున్నాయి. టీవీలో అమురో స్నేహితుడు హయాతో గన్‌ట్యాంక్ అనే యంత్రం నడుపుతూ ఉంటాడు, మూడో సినిమాలో రెండో గన్‌క్యానన్ నడుపుతూ కనిపిస్తాడు. కోర్ బూస్టర్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవారుండరు. టెక్సాస్ అనే అంతరిక్ష కాలనీలో శత్రుసేనాని మకువే గ్యాన్ యంత్రంతో చేసే ద్వంద్వయుద్ధం సినిమాలో లేదు. న్యూటైపుల (అసాధారణ గ్రహణశక్తి ఉన్న మనుషుల) గురించి సినిమాలు మొదటి నుంచీ సూచనలు వేసుకుంటూ వస్తాయి కనుక, టీవీ నుంచి దూకినవారికి మూడో సినిమాలో ఆ మాట హఠాత్తుగా బరువెక్కినట్టు ఉంటుంది. ముందే రెండు మాటలు చెప్పి కూర్చోబెడితే సరిపోతుంది.

కొయ్యగుర్రం:

అందరికీ కృతజ్ఞతలు. సెలవులు నిన్నటితో అయిపోయాయి, ఏం జరిగిందో చెబుతాను. జపనీస్ మాటలతో టీవీ రూపమే మొదలుపెట్టాం. మొదటి నాలుగు ఎపిసోడ్ల వరకు వాడు ఫోను చూస్తూనే ఉన్నాడు. తొమ్మిదో దాంట్లో, ఇక యుద్ధానికి వెళ్లనని మంచం దిగని అమురోను బ్రైట్ చెంపదెబ్బ కొట్టినప్పుడు, తప్పు ఎవరిదని నన్ను అడిగాడు. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. పదమూడోదాంట్లో అమురో తల్లి కళ్లముందే శత్రుసైనికుడిని కాల్చి, ఆమెకు సెల్యూట్ చేసి నౌకకు తిరిగి వెళ్లిపోతాడు. అది అయ్యాక వాడు ఏమీ మాట్లాడలేదు, తల్లీకొడుకుల సన్నివేశాన్ని మళ్లీ పెట్టమన్నాడు. ఉప్పు ఎపిసోడ్ చూస్తున్నప్పుడు మా అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది.

ఇరవై ఆరు పూర్తయ్యాయి. మధ్యేమార్గం సంగతి వాడికి చెప్పి, మూడో సినిమాలోని గీత ఎంత బాగుంటుందో కొంచెం చూపించాను. బాగుందన్నాడు, కానీ హయాతో గన్‌ట్యాంక్ పోగొట్టుకోవడం తనకు ఇష్టం లేదని, 43 పూర్తి చేశాకే సినిమా చూస్తానని అన్నాడు. ఇకపై ఆదివారం రాత్రుళ్లు వాడు వాళ్ల ఊళ్లో, నేను ఇక్కడ, ఫోను స్పీకరు మీద పెట్టుకుని ఒకేసారి రెండేసి ఎపిసోడ్లు చూడాలని అనుకున్నాం. ఈ ఆదివారం 27, 28.