తిత్లీ తుఫాను గోడబొంత: సుడి పట్టీలు ముడత పడకుండా కుట్టడం ఎలా?

ఉద్దానం_కుట్టు (ప్రశ్న)
గోడకు వేలాడదీసే బొంత కుడుతున్నాను. వెడల్పు 100 సెం.మీ., ఎత్తు 120. బొమ్మ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీది. కుడివైపు సముద్రం, ఎడమ పైమూల మహేంద్రగిరి, మధ్యలో సుడి. సముద్రానికి ముదురు నీలం కాటన్, మబ్బుకి పొందూరు సన్నఖాదీ ముక్కలు, అడుగుకి పాత పంచె. నమూనా ముక్కలో సుడి పట్టీలు వంపు దగ్గర కుచ్చు పడుతున్నాయి, ఖాదీ అంచు పోగులు ఊడుతోంది, తెల్లగుడ్డలోంచి కింది నీలం కనబడిపోతోంది. ఉన్నది ఇంట్లో వాడే మామూలు మిషనే. ఎలా సరిచేయాలో చెప్పండి.

సువర్ణముఖి_అక్క
చెల్లీ, కత్తెర పట్టకముందే దిశ చూసుకో. బంగాళాఖాతంలో తుఫాను గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పట్టీ చివర నుంచి కన్ను (సుడి నడిమి భాగం) వైపు వేలు నడిపితే నీ వేలు కూడా అలాగే తిరగాలి. రెండువైపులా అంటుకునే ఫ్యూజింగ్ కాగితం వాడితే ఇక్కడే పొరపాటు జరుగుతుంది: కాగితం మీద గీసి గుడ్డ వెనక అంటిస్తాం కాబట్టి ముందుకి తిప్పేసరికి కుడి ఎడమైపోతుంది. అందుకని బొమ్మని కిటికీ అద్దానికి ఆనించి, వెనకవైపు నుంచి గీసుకో.

కుచ్చుకి కారణం పట్టీలని నిలువు పోగు మీద కోయడం. అలా కోసిన గుడ్డ సాగదు. వంపు తిప్పితే బయటి అంచు చాలదు, లోపలి అంచు మిగిలిపోతుంది. పోగుకి 45 డిగ్రీల క్రాసులో 4 సెం.మీ. వెడల్పున కొయ్యి. రెండు అంచులూ 7 మి.మీ. చొప్పున మడిస్తే 2.6 సెం.మీ. పట్టీ వస్తుంది. కుట్టకముందే ఇస్త్రీ పెట్టె ఆవిరితో వంపు తిప్పి, గుండుసూదులు గుచ్చి చల్లారనివ్వు. తరవాత లోపలి వంపు ముందు కుట్టి బయటిది ఆఖర్న కుట్టు. బయటి అంచు సాగి సర్దుకుంటుంది. ఇదే తలకిందులు చేస్తే లోపల మిగిలిన గుడ్డకి చోటుండదు. కన్ను దగ్గర వంపు మరీ బిగుతు కాబట్టి అక్కడ పట్టీ సన్నంగా ఉండాలి.

ఖాదీని ముందు తడిపి ఆరబెట్టి, ఆ తరవాతే వెనక పల్చటి ఫ్యూజింగ్ అంటించు. ఇస్త్రీ పెట్టెని లాగకుండా ఎత్తి ఎత్తి నొక్కాలి, లాగితే చేతినూలు పోగు వంకర పోతుంది. నీలం కనబడకుండా పట్టీ కింద 3 మి.మీ. సన్నగా కోసిన రెండో తెల్లగుడ్డ వెయ్యి. చివర్లలో మాత్రం వెయ్యకు. అక్కడ నీలం తొంగిచూస్తేనే మబ్బు పల్చబడినట్టుంటుంది; సన్నఖాదీకి ఉన్న అందమే అది.

మిషన్_మాస్టారు
సూది: ఖాదీ అతుకులకు 11 నంబరు, మూడు పొరలు కలిపేటప్పుడు 14. కుట్టు పొడవు అతుకుల్లో 2 మి.మీ., పైకుట్టుకి 3. నడుమ పొరకి పాలిస్టర్ దూది వద్దు, దాని పీచు సూది రంధ్రాల్లోంచి నీలం మీదకి తెల్లగా పొడుచుకొస్తుంది. మన బొంతల్లోలాగే పాత నేతచీర రెండు మడతలు చాలు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది కన్ను చుట్టూ వస్తుంది. అందరూ అక్కడ దట్టంగా కుట్టి సముద్రాన్ని ఖాళీగా వదిలేస్తారు. కుట్టు ఎంత దట్టమైతే గుడ్డ అంత లోపలికి గుంజుకుంటుంది. మధ్య బిగిసి అంచులు అలల్లా లేస్తాయి. కన్ను దగ్గర వరసల మధ్య 5 మి.మీ. ఉంటే సముద్రంలో 15 మి.మీ. మించనివ్వకండి. చుట్టూ 5 సెం.మీ. ఎక్కువ గుడ్డ ఉంచుకుని, అరచెయ్యి దూరానికొక కచ్చా కుట్టు వేసి, మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ రండి. అయ్యాక నీళ్లు చిలకరించి, చాప మీద పరిచి, సూదులు గుచ్చి ఆరబెట్టాలి. అప్పుడే 100, 120 కొలతకి కొయ్యండి. రెండు మూలగీతలూ 156 సెం.మీ. దగ్గర సమానంగా రావాలి, రాకపోతే గోడమీద వంకరగా వేలాడుతుంది.

నీలం రంగు దిగుతుందేమో ముందే చూడండి. వేడి సబ్బునీళ్లలో తెల్లగుడ్డ ముక్కతో కలిపి అరగంట నానబెట్టండి. ఉప్పు, వెనిగర్ ఈ రంగుల్ని ఆపవు. తెల్లముక్కకి నీలం అంటితే ఆ గుడ్డ మార్చెయ్యడమే.

ఉద్దానం_కుట్టు
అక్కా, మాస్టారూ, రెండూ అర్థమయ్యాయి. క్రాసు కోతతో మళ్లీ చేస్తాను. ఇంకొక్కటి: తీరం వెంబడి కొబ్బరిచెట్లు కుట్టాలి. అన్నీ ఒకే వైపు వంచనా?

సువర్ణముఖి_అక్క
వద్దమ్మా. సుడికి ఉత్తరాన గాలి తూర్పు నుంచి, అంటే సముద్రం మీంచి వస్తుంది. దక్షిణాన పడమటి నుంచి, భూమి మీంచి వీస్తుంది. పలాసకి పైన సోంపేట, కవిటి వైపు చెట్లని నీ బొమ్మలో ఎడమకి వంచు, కింద ఉన్నవాటిని సముద్రం వైపు. గాలి జోరు ఉత్తరం పక్కనే ఎక్కువ కనక అక్కడ వంపు కూడా ఎక్కువ ఉండాలి. మానులకి గోధుమరంగు దారం రెండు పోగులతో కాడకుట్టు చాలు. మట్టల్ని గుడ్డతో అతికించకు, ఆ సైజులో అంచు మడవడం కుదరదు. దారంతోనే, గాలి పోయే వైపుకే అన్నీ దువ్వినట్టు కుట్టు.