పాలిష్ చేయించిన నాలుగు నెలలకే నల్ల కారు మీద మళ్లీ సాలెగూడు గీతలు. మళ్లీ కాంపౌండ్ (పెయింట్‌ను అరగదీసే పేస్టు) కొట్టించాలా?

ఆరేళ్ల నల్ల కారు:

అందరికీ నమస్కారం. ఇది నాన్నగారి కారు. నలుపు రంగు, కొని ఆరేళ్లయింది. నాలుగు నెలల క్రితం ఒక డీటైలింగ్ సెంటర్‌లో మెషీన్ పాలిష్ చేయించాం. ఇంటికి తెచ్చిన రోజు బానెట్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు అన్నట్టుంది. నాలుగైదుసార్లు కడిగేసరికి, ఎండలో నిలబెడితే సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నగీతలు కనిపిస్తున్నాయి. నీడలో ఏమీ కనిపించవు, అందుకే మొదట గమనించలేదు.

మళ్లీ అక్కడికే తీసుకెళ్తే, "ఈసారి హెవీ కాంపౌండ్ కొట్టి పైన సిరామిక్ కోటింగ్ వేసేద్దాం, ఇక గీతలు పడవు" అన్నారు. అంతకుముందు కూడా ఒకసారి పాలిష్ అయింది, అంటే ఇది మూడోసారి అవుతుంది. పెయింట్ మందం ఎంతుందో ఎప్పుడూ ఎవరూ కొలవలేదు.

ఇంకో విషయం. నాన్న రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో కారంతా తుడుస్తారు. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా మానలేదు. గీతలు దానివల్ల కాదు కదా? నేనే చేద్దామని ప్యాడ్ తిరుగుతూనే 8 ఎంఎం మేర ఊగే డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిష్ మెషీన్ ఒకటి కొన్నాను. ఇంకా డబ్బా విప్పలేదు. ఏం చేయమంటారు?

తెల్ల హ్యాచ్‌బ్యాక్:

సిరామిక్ వేయించేయండి, టెన్షన్ ఉండదు. మా కారుకు వేయించి రెండేళ్లయింది, ఒక్క గీత కూడా కనిపించదు.

పాలిష్ ప్యాడ్:

చెల్లెమ్మా, ఆ డబ్బా ఇంకో రెండు రోజులు విప్పకండి. పదకొండేళ్లుగా నా పని ఇదే. గీతలు తీయడం కన్నా, అవి ఎక్కడినుంచి వచ్చాయో తేల్చుకోవడం ముఖ్యం. లేకపోతే మళ్లీ నాలుగు నెలలకు ఇదే ప్రశ్న అడుగుతారు.

ముందు సిరామిక్ సంగతి. తెల్ల కారు మీద గీతలు కనిపించవు కానీ, పడకుండా ఉండవు. నలుపు దేన్నీ దాచదు. సిరామిక్ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చాలాసార్లు అంత కూడా ఉండదు. 9హెచ్ అని రాసి ఉండేది పెన్సిల్ గట్టిదనం లెక్క. నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, అందుకే నేనూ వేస్తాను. కానీ దుమ్ము మీద పొడిగుడ్డ లాగితే దాని మీదా గీతలు పడతాయి.

ఇప్పుడు మీ గీతలు. రెండు రకాలుగా వచ్చి ఉండొచ్చు. ఒకటి, వాళ్లు గీతల్ని తీయలేదు, కప్పేశారు. కొన్ని కాంపౌండ్లలో, గ్లేజుల్లో నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. అవి గీత లోపలికి చేరి పైభాగాన్ని సమం చేస్తాయి. కాంతి చెదరదు, కాబట్టి అద్దంలా కనిపిస్తుంది. షాంపూతో కడిగేకొద్దీ నింపింది పోయి గీత బయటపడుతుంది. అందుకే కారు అప్పగించేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి ప్యానెల్ తుడిచి, టార్చ్ వేసి చూపించాలి. మీకు అలా చూపించారా? రెండోది, గీతలు నిజంగానే పోయాయి, ఈ నాలుగు నెలల్లో కొత్తవి పడ్డాయి.

ఇన్ని నెలల తర్వాత ఆల్కహాల్‌తో తుడిచినా తేలేదేమీ లేదు. దానికి వేరే ఉపాయం ఉంది. నాన్నగారి చెయ్యి అందని చోటు చూడండి. రూఫ్ నడిమధ్య! స్టూలు వేసుకుని టార్చ్‌తో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకసారి చూడండి. అక్కడ కూడా బానెట్ మీద ఉన్నట్టే సాలెగూడు ఉంటే, కప్పిపెట్టిన పాత గీతలే. అక్కడ శుభ్రంగా ఉండి డోర్ల మీద, బానెట్ మీద మాత్రమే ఉంటే, తుడవడం వల్లే. ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కుల్లో అడ్డదిడ్డంగా ఉంటాయి. కాంతి పడే దిక్కుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి వెలుగు చుట్టూ గూడు కట్టినట్టు అనిపిస్తుంది.

ఇక మూడోసారి హెవీ కాంపౌండ్ అన్నారే, దాని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. రంగు మీదుండే క్లియర్ కోట్ మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70. అంటే వెంట్రుకంత కూడా లేని పొర. కాంపౌండ్ అంటే ఆ పొరను అరగదీయడమే. గీత అడుగు ఎంత లోతుందో, చుట్టూ ఉన్న పెయింట్‌ను అంతవరకూ దింపుతాం. ఎండను ఆపే యూవీ పదార్థం కూడా ఆ పొరలోనే ఉంటుంది. ఒకసారి తీసింది మళ్లీ పెరగదు.

పని నేర్చుకుంటున్న మొదటి ఏడాది ఒక ఎర్ర కారు మీద రోటరీ మెషీన్‌తో (ప్యాడ్ ఊగకుండా గిర్రున మాత్రమే తిరిగేది), ఊలు ప్యాడ్‌తో పని చేస్తున్నాను. బానెట్ అంచు దగ్గర మడత గీత ఉంటుంది కదా, అక్కడ టేపు వేయలేదు. అరనిమిషం ఎక్కువ ఆగాను. ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత తెల్లటి ప్యాడ్ అంచున ఎరుపు కనిపించింది. మెషీన్ ఆపి తుడిస్తే, గోరంత పొడవున బూడిద రంగు ప్రైమర్. అంచుల మీద పెయింట్ పల్చగా నిలుస్తుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నగీత మీదే పడుతుంది. ఆ కారు యజమాని ఒక్క మాట కూడా అనలేదు. బానెట్ దగ్గర నిలబడి ఆ మచ్చని వేలితో తడిమి చూశారు. బానెట్ మొత్తం మళ్లీ పెయింట్ చేయించి ఇచ్చాం. అప్పటినుంచి పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టకుండా ఏ కారు మీదా మెషీన్ పెట్టలేదు.

కాబట్టి రెండు పనులు చేయండి. రూఫ్ చూడండి. ఎవరి దగ్గరైనా పెయింట్ గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్‌కూ ఐదారు చోట్ల కొలిచి రాయండి. నాన్నగారికి ఇప్పుడే ఏమీ చెప్పకండి, ముందు విషయం తేలనివ్వండి.

ఆరేళ్ల నల్ల కారు:

అన్నా, చాలా థాంక్స్. చూశాను. రూఫ్ నడిమధ్య సాలెగూడు లేదు. కానీ ఎండలో వేరేది కనిపించింది. వెడల్పాటి చారలు, మెషీన్ తిరిగిన దారిలో అలలు వేసినట్టు. నేను పక్కకు జరిగితే అవి కూడా జరుగుతున్నాయి. డోర్ల మీద, బానెట్ మీద మాత్రం సన్నగీతలు నిండుగా ఉన్నాయి. డోర్ల మీద అయితే ఎక్కువగా అడ్డంగా, చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడిన దారిలోనే.

గేజ్ కూడా దొరికింది. రూఫ్ 121 మైక్రాన్లు. కుడివైపు డోర్లు, ఎడమ వెనక డోర్ 115–118. బానెట్ మధ్యలో 92, అంచుకు దగ్గరగా 81. ఎడమ ముందు డోర్ 243! బంపర్ల మీద అంకె రావడం లేదు, గేజ్ పాడైందా?

పాలిషింగ్ సెంటర్‌లో ఆల్కహాల్ తుడిచి చూపించలేదు.

స్ప్రే బూత్:

పెయింటర్‌ని. గేజ్ పాడవలేదు, బంపర్ ప్లాస్టిక్ కదా. ఇలాంటి గేజ్ లోహం మీదే చదువుతుంది. ప్లాస్టిక్‌కి అల్ట్రాసోనిక్ రకం కావాలి. ప్లాస్టిక్ మీద వేడి త్వరగా దిగదు కూడా, బంపర్ల మీద మెషీన్ ఎక్కువసేపు ఆపకండి.

243 అంటే ఆ డోర్ ఎప్పుడో మళ్లీ పెయింట్ అయింది. నాన్నగారిని అడిగి చూడండి. వేల అంకె రాలేదు కాబట్టి కింద మందంగా పుట్టీ లేదు. అంకె పెద్దది కదా అని ఆ డోర్‌ను గట్టిగా రుద్దకండి. గేజ్ చూపేది మొత్తం మందం. లోపల ఈ-కోట్ (తుప్పు పట్టకుండా లోహం మీద వేసే మొదటి పూత), ప్రైమర్, రంగు, క్లియర్ ఒక్కొక్కటి ఎంతో అది చెప్పదు. పాత పెయింట్ మీదే కొత్తది వేసి ఉంటారు, పై క్లియర్ ఒక్కటే ఎంతుందో తెలియదు. క్లియర్ బాగా పల్చబడిన కార్లు నా దగ్గరికి వస్తుంటాయి. బానెట్, రూఫ్ తెల్లగా పొలుసులు లేస్తాయి. అప్పుడు పాలిష్ ఏమీ చేయలేదు, గీకి మళ్లీ పెయింట్ వేయాల్సిందే.

పాలిష్ ప్యాడ్:

చెల్లెమ్మా, మీరు చూసి రాసిన తీరు చాలా బాగుంది. ఇప్పుడు బొమ్మ పూర్తిగా కనిపిస్తోంది. రూఫ్ మీద మీకు కనిపించినవి హోలోగ్రామ్స్. రోటరీతో కాంపౌండ్ కొట్టి, తర్వాత మెత్తటి ప్యాడ్‌తో ఫినిషింగ్ చేయకుండా గ్లేజ్ పూసి ఇచ్చేశారు. గ్లేజ్ పోయాక చారలు బయటపడ్డాయి. డోర్లు, బానెట్ మీద గీతలు పొడిగుడ్డవి. రెండూ ఉన్నాయి.

బానెట్ రూఫ్ కన్నా 29 మైక్రాన్లు తక్కువ. అదంతా పాలిషింగ్‌లోనే పోయిందని అనను, ఫ్యాక్టరీలోనే ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ తేడా ఉంటుంది. కానీ ఈ అంకె చూశాక ఆ బానెట్ మీద నేనైతే హెవీ కాంపౌండ్ పెట్టను. ఇంకొకరిని పెట్టనివ్వను. హోలోగ్రామ్స్ పైపైనే ఉంటాయి, ఫినిషింగ్ పాలిష్‌తో పోతాయి. సన్నగీతల్లో సగం పైగా దాంతోనే పోతాయి. గోరు తగిలి ఆగే గీతలు కనిపిస్తే వదిలేయండి. అవి ఉండనీ, కింద క్లియర్ కూడా ఉంటుంది.

మెషీన్ మీరే పట్టుకోవచ్చు. డీఏ చాలా క్షమిస్తుంది. ఎక్కువ ఒత్తితే ప్యాడ్ తిరగడం మానేస్తుంది, రోటరీలా ఒకేచోట తవ్వుకుంటూ పోదు. బ్యాకింగ్ ప్లేట్ మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి. ప్యాడ్ తిరుగుతోందా, ఊరికే వణుకుతోందా అన్నది ఆ గీత చూస్తే తెలుస్తుంది.

ముందు బాగా కడగండి. ఐరన్ రిమూవర్ కొడితే బ్రేకుల దుమ్ము ఊదారంగులో కారుతుంది, అది పూర్తిగా కడిగేయండి. తర్వాత పల్చటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా జరపండి. గరుకుగా తగిలితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), దాంతో పాటు లూబ్రికెంట్ ధారాళంగా. ఈ దశ దాటేస్తే ప్యాడ్ కింద అదే దుమ్ము తిరిగి కొత్త గీతలు వేస్తుంది. అంచులకు, మడతలకు, రబ్బర్లకు టేపు.

తర్వాత బానెట్ మీద కాకుండా, మందం బాగున్న కుడి వెనక డోర్ మీద అర మీటరు చదరం టేపుతో గుర్తు పెట్టండి. అదే మీ టెస్ట్ స్పాట్. మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత బొట్లు నాలుగు. ప్యాడ్‌ను పెయింట్‌కు ఆనించాకే స్విచ్ వేయండి, లేదంటే గోడంతా పాలిష్ చిమ్ముతుంది. తక్కువ స్పీడ్‌లో పరిచి, తర్వాత 4 దాకా పెంచండి. బరువు వేయొద్దు, ప్యాడ్ పెయింట్‌కు సమంగా ఆనేంత పట్టు చాలు. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల కన్నా వేగంగా జరపకండి. తొందరపడినట్టు అనిపించదు కానీ అందరూ తప్పు చేసేది ఇక్కడే. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా రెండు విడతలు.

పని జరుగుతున్నప్పుడు పెయింట్ మీదున్న పాలిష్ వైపు చూస్తూ ఉండండి. మొదట పాలలా తెల్లగా ఉంటుంది. మెల్లగా పల్చబడి, నూనె రాసినట్టు పారదర్శకమైన తెర అవుతుంది. మెషీన్ చప్పుడు కూడా కొంచెం మెత్తబడుతుంది. అప్పుడు ఆపాలి. ఎండిపోయి పొడి రాలేదాకా రుద్దకూడదు. అరచేయి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆగాలి. కొత్త మైక్రోఫైబర్‌తో ఒత్తకుండా తుడిచి, ఆల్కహాల్‌తో తుడిచి, టార్చ్ వేయండి. టేపు బయట, లోపల తేడా చూడండి. తృప్తిగా ఉంటే అదే పద్ధతి కారంతా. లేకపోతే ఫొటో పెట్టండి, ప్యాడ్ మార్చాలా, పాలిష్ మార్చాలా చూద్దాం. ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేయండి.

ఇక నాన్నగారి సంగతి. తప్పు అని చెప్పకండి. ఆరేళ్లు రోజూ తుడిచిన చేయి అది. ఆ చేతికి సరైన గుడ్డ ఇవ్వండి చాలు. ముందు నీళ్లతో దుమ్ము పోనివ్వాలి, తర్వాత రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి కారు కడిగే గ్లవ్ జాడించడానికి. అడుగున జాలీ వేస్తే ఇసుక కిందే ఉండిపోతుంది. పైనుంచి కిందికి కడగాలి, చివర్లో మందంగా ఉన్న డ్రైయింగ్ టవల్ పరిచి నీళ్లు పీల్చనివ్వాలి. దుమ్ము ఉన్నప్పుడు పొడిగుడ్డ పెట్టకపోతే చాలు. రోజూ చూసుకోవాలనిపిస్తే అద్దాలు, లోపల డ్యాష్‌బోర్డ్ ఉన్నాయి కదా.

ఆరేళ్ల నల్ల కారు:

అన్నా, నిన్న టెస్ట్ స్పాట్ చేశాను. టార్చ్ నాన్నే పట్టుకున్నారు. ఎడమ డోర్ గురించి అడిగితే, నాలుగేళ్ల క్రితం గేటుకు గీసుకుంటే మాకు చెప్పకుండా పెయింట్ చేయించానని ఒప్పుకున్నారు.

టేపు లోపల చారలు పూర్తిగా పోయాయి. సన్నగీతల్లో పెద్దవి నాలుగైదు మిగిలాయి, గోరు పెట్టి చూస్తే రెండు ఆగుతున్నాయి. ఆల్కహాల్ తుడిచాక కూడా అలాగే ఉంది. నాన్న టార్చ్‌ను టేపు లోపల ఒకసారి, బయట ఒకసారి, అలా చాలాసేపు తిప్పుతూ చూశారు. నేనేమీ చెప్పలేదు. కాసేపటికి ఆయనే, "ఈ బయటవి నా గుడ్డవేనా?" అన్నారు. అవునన్నాను. రెండో బకెట్ ఆయనే తెచ్చి పెట్టారు. బానెట్‌కు కూడా ఇదే ప్యాడ్, ఇదే పాలిష్, ఒక్క విడతే చేస్తే సరిపోతుందా?

పాలిష్ ప్యాడ్:

సరిపోతుంది. అంచుకు రెండు వేళ్ల దూరం టేపు వేసి, మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి గేజ్ పెట్టి రెండు అంకెలూ ఇక్కడ రాయండి.